పసిపిల్లల బడి: లేపాక్షి ప్రాంతం

పసిపిల్లల బడి అంటే ఒకటో తరగతిలో చేరకముందు, సుమారు మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలు రోజులో కొన్ని గంటలు ఇంటివాళ్ళను విడిచి తోటిపిల్లలతో గడిపే చోటు. పల్లెలో దాన్ని అంగన్వాడీ అంటారు. పట్నంలో నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ అంటారు. ప్రభుత్వ కాగితాల్లో పూర్వ ప్రాథమిక విద్య అని రాస్తారు. శ్రీ సత్యసాయి జిల్లాలోని లేపాక్షి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు ఇవన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకే వీధిలో ఒక బిడ్డ పళ్ళెం పట్టుకుని అంగన్వాడీకి నడుస్తుంటే, పక్కింటి బిడ్డ టై కట్టుకుని పసుపుపచ్చ వ్యాను ఎక్కుతుంటాడు.

వీటిలో ఏది మంచిది అని అడిగితే తల్లిదండ్రులు మామూలుగా మూడు సంగతులు చూస్తారు: ఇంగ్లీషు ఉందా, బండి ఇంటిదాకా వస్తుందా, నెల తిరిగేసరికి బిడ్డ ఎన్ని అక్షరాలు దిద్దింది. శిశువిద్యను ఏళ్ళ తరబడి గమనించినవారు అడిగేది వేరు. బిడ్డకు ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషి అక్కడ ఉందా, ఆమెకు ఆ తీరిక ఉందా, బిడ్డ మాట ఆమెకు అర్థమవుతుందా అని వాళ్ళు ఆరా తీస్తారు. భవనం, బొమ్మలు, పుస్తకాల వంతు ఆ తర్వాత వస్తుంది. పేరు, చరిత్ర చూశాక ఈ వ్యాసం ఆ వరసలోనే నడుస్తుంది.

పేరు

తెలుగునాట నర్సరీ అనగానే ముందు గుర్తొచ్చేది మొక్కలు అమ్మే చోటు. పోలిక కొత్తదేమీ కాదు. జర్మనీలో ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ 1837లో మొదలుపెట్టిన బడికి 1840లో కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు, పిల్లల తోట అని దానర్థం. మన అంగన్వాడీ మాటలో ఉన్నది అంగణం, అంటే ముంగిలి. మహారాష్ట్రలోని బోర్డీ, కోస్బాడ్ పల్లెల్లో పేదపిల్లల ముంగిళ్ళకే బడిని తీసుకుపోయిన తారాబాయి మోడక్, ఆమె సహచరి అనుతాయి వాఘ్ చేసిన పని నుంచి ఈ మాట దేశమంతా పాకింది.

హిందూపురం పట్టురైతుకు వీటన్నిటికన్నా దగ్గరి పోలిక ఇంకొకటి ఉంది: చాకీ. గుడ్డులోంచి బయటికొచ్చిన పట్టుపురుగులను రెండో జ్వరం (పొర విడిచే నిద్ర) లేచేదాకా విడిగా, శుభ్రమైన గదిలో, తేమ, వెచ్చదనం చూసుకుంటూ, లేత మల్బరీ ఆకు సన్నగా తరిగి వేసి పెంచుతారు. ఆ కొద్ది రోజుల్లో చేసిన పొరపాటు చివరికి గూడులో బయటపడుతుందని రైతుకు తెలుసు. హిందూపురం పక్కనే కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధనా సంస్థ ఉన్న ప్రాంతం ఇది, అందుకే ‘మొదటి దశే ముఖ్యం’ అన్న మాట ఇక్కడ ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు. అయితే పోలికను ఇంతకుమించి లాగకూడదు. చాకీ గదిలో పురుగులన్నీ ఒకేసారి జ్వరం పడాలి, ఒకేసారి లేవాలి. పిల్లల గదిలో అలా జరగాలని ఆశించడం దగ్గరే చాలా నర్సరీలు దారి తప్పుతున్నాయి.

చరిత్ర

పనికి పోయే తల్లుల అవసరం నుంచి ఈ బడి పుట్టింది. స్కాట్లండులోని న్యూ లానార్క్ నూలు మిల్లు యజమాని రాబర్ట్ ఓవెన్ 1816లో కార్మికుల పిల్లలకు బడి తెరిచాడు. అక్కడ పసిపిల్లలను పుస్తకాలతో విసిగించకూడదన్నది నియమం. మరియా మాంటిస్సోరి 1907 జనవరి 6న రోములోని శాన్ లొరెంజో పేటలో మొదలుపెట్టిన ‘పిల్లల ఇల్లు’ కూడా కూలీనాలీ చేసుకునేవారి పిల్లలకే. లండన్‌లోని డెట్‌ఫోర్డ్ పేదవాడలో రేచెల్, మార్గరెట్ మెక్‌మిలన్ అక్కచెల్లెళ్ళు 1914లో ఆరుబయలు నర్సరీ పెట్టి స్నానాన్నీ తిండినీ ఎండనూ తోటపనినీ చదువులో కలిపేశారు. ఇవాళ మన పట్నాల్లో మాంటిస్సోరి పేరు పెద్ద ఫీజుకు గుర్తుగా మారడం ఈ చరిత్రలోని వింత.

1939లో మాంటిస్సోరి మద్రాసు వచ్చి అడయారులోని దివ్యజ్ఞాన సమాజంలో టీచర్లకు శిక్షణ ఇచ్చింది. యుద్ధం వల్ల 1946 దాకా ఈ దేశంలోనే ఉండిపోయింది. అప్పటికే భావనగర్‌లో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరం తెరిచి, బెత్తం లేని బడి ఎలా ఉంటుందో చూపించాడు. స్వాతంత్ర్యం వచ్చాక 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలు తెలుగింటి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆ బోర్డు ఆధ్వర్యంలో పల్లెల్లో బాలవాడీలు వెలిశాయి.

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో, 4,891 అంగన్వాడీలతో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో ముందు ఎంచుకున్న చోట్లలో గిరిజన ప్రాంతంగా ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు, గ్రామీణ ప్రాంతంగా అనంతపురం జిల్లా కంబదూరు ఉన్నాయి. లేపాక్షి అప్పట్లో అదే జిల్లాలోది. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడేదాకా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కూడా అనంతపురం జిల్లావే. అంటే దేశంలోనే తొలి అంగన్వాడీల కోవలోకి వచ్చే కేంద్రాలు ఈ కరువు నేల మీద నడిచాయి.

ఆ తర్వాత కథను కోర్టులు ముందుకు నడిపాయి. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ప్రతి జనావాసానికీ ఈ సేవలు అందాలంది. 2006 డిసెంబరు 13న ఇంకో అడుగు వేసి, ఆరేళ్ళలోపు పిల్లలు నలభై మంది ఉన్న వాడవాళ్ళు అడిగితే మూడు నెలల్లో కేంద్రం తెరవాలని ఆదేశించింది. రాష్ట్రంలో కేంద్రాల సంఖ్య 55,607కు చేరింది. చట్టం మాత్రం పసిపిల్లల చదువు దగ్గర ఇంకా మెత్తగానే మాట్లాడుతోంది. 2009 విద్యాహక్కు చట్టం ఆరేళ్ళు నిండినవారికి హక్కు ఇచ్చింది. మూడు నుంచి ఆరేళ్ళ వారికి ప్రభుత్వం ‘ఏర్పాట్లు చేయవచ్చు’ అని 11వ సెక్షనులో ఊరుకుంది. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసును ఒకే పునాది దశగా లెక్కపెట్టాక ఆటతో నేర్పే పాఠ్యప్రణాళిక 2022లో వచ్చింది. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల కోసం ‘ఆధారశిల’ 2024లో వచ్చింది.

అమ్మ పని గంటలు

ధర్మవరంలో పట్టుచీరల మగ్గం చాలా ఇళ్ళలో ముందుగదిలోనే ఉంటుంది. మగడు మగ్గంలో కూర్చుంటే భార్య కండెలు చుడుతుంది. బిడ్డ ఆ రెంటి మధ్యే పెరుగుతుంది. మగ్గం గుంట, దారం, రాట్నం, ఒక్కపోగు తెగితే వచ్చే కోపం ఆ ఇంటి వాతావరణం. హిందూపురం చింతపండు సంతకు పేరుపడ్డ ఊరు, చింతకాయ కొట్టి గింజ తీసే పని ఆడవాళ్ళది, అది ఇంటి అరుగు మీదే సాగుతుంది. గార్మెంట్స్ ఫ్యాక్టరీలకు పోయే తల్లుల సంగతి దీనికి పూర్తిగా వేరు. బస్సు పొద్దున్నే ఊరి బయట ఆగుతుంది, సాయంత్రం పొద్దు గూకేవేళకు దించుతుంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక అద్దె ఇళ్ళకు కొత్త కుటుంబాలు వచ్చాయి, వాళ్ళ పిల్లలకు ఇక్కడ అవ్వా తాతా లేరు. దీనికి తోడు వేరుశెనగ ఎండిన ఏడాది బెంగళూరుకు వలసపోయే కూలీలు. బిడ్డను వెంట తీసుకుపోతే అది కట్టడం దగ్గర ఇసుక కుప్ప మీద పెరుగుతుంది. వదిలిపోతే అవ్వ దగ్గర.

కాబట్టి ఇక్కడ మంచి నర్సరీకి మొదటి పరీక్ష గడియారం. అంగన్వాడీలో భోజనం అయ్యాక పిల్లలు పడుకుని లేచి ఇంటికి పోయే వేళకు గార్మెంట్స్ తల్లి ఇంకా కుట్టు మిషను ముందే ఉంటుంది. ప్రైవేటు నర్సరీ వ్యాను అంతకన్నా ముందే దించేస్తుంది. మధ్యలో ఆ మూడు నాలుగు గంటలు పక్కింటి అవ్వకో, ఏడేళ్ళ అక్కకో అప్పగింత. 1948 ఫ్యాక్టరీల చట్టం 30 మందికి మించి ఆడవాళ్ళు పనిచేసే చోట ఆరేళ్ళలోపు పిల్లలకు శిశుగృహం ఉండాలంది. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టానికి చేసిన సవరణ 50 మంది ఉద్యోగులున్న ప్రతిచోటా ఉండాలంది. అది కాగితం మీద మంచి మాటే. ముప్పై కిలోమీటర్ల బస్సు ప్రయాణంలో చంటిబిడ్డను వెంట తెచ్చుకునే తల్లి ఎందరుంటారన్న ప్రశ్న చట్టంలో లేదు. శిశుగృహం ఊళ్ళోనే ఉంటే తల్లికి ఉపయోగం. అంగన్వాడీకే శిశుగృహాన్ని జోడించే ‘పాల్నా’ పథకాన్ని కేంద్రం అందుకే తెచ్చింది. తమ ఊరికి అలాంటిది రావాలని గట్టిగా అడగాల్సిన ప్రాంతాల్లో ఈ సీమ ముందుంటుంది.

టీచరమ్మ, ఆయమ్మ

అంగన్వాడీలో ఇద్దరు ఉంటారు. ఒకరు కార్యకర్త, ఊరివాళ్ళు టీచరమ్మ అంటారు. రెండోవారు ఆయమ్మ. వంట, పళ్ళేలు, ఏడ్చే పిల్లలను ఇంటినుంచి ఎత్తుకురావడం, ఒకటికీ రెంటికీ తీసుకుపోవడం ఆయమ్మ పనులు. పసిపిల్లల సంరక్షణ, విద్యపై 2013లో వచ్చిన జాతీయ విధానం మూడేళ్ళు దాటిన పిల్లలు 20 మందికి ఒకరు, మూడేళ్ళలోపు వారు 10 మందికి ఒకరు పెద్దవాళ్ళు ఉండాలంది. చాలా కేంద్రాల్లో తలలు లెక్కపెడితే ఈ నియమం కుదిరినట్టే కనిపిస్తుంది. చిక్కు వేరేచోట ఉంది. టీచరమ్మ బాలింతల ఇళ్ళకు పోవాలి, బరువులు తూచాలి, సరుకు లెక్క రాయాలి, టీకాల రోజున నర్సమ్మకు సాయపడాలి, ఎన్నికల పనులు చూడాలి. 2021 నుంచి పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఫొటోలతో సహా అన్నీ ఎక్కించాలి. సిగ్నలు దొరకని ఊళ్ళో ఫోను పట్టుకుని మిద్దె ఎక్కిన టీచరమ్మ ఆ కాసేపు పిల్లల దగ్గర లేనట్టే.

దీనికి లెక్క తేల్చిన అధ్యయనం పక్క రాష్ట్రంలోనే ఉంది. తమిళనాడులో 320 కేంద్రాలు తీసుకుని, వాటిలో సగానికి పిల్లల చదువు కోసమే అదనంగా ఒక మనిషిని ఇచ్చారు. కార్తీక్ మురళీధరన్, అలెహాంద్రో గనీమియన్, క్రిస్టఫర్ వాల్టర్స్ ఫలితాలు చూశారు. పిల్లలతో గడిపే బోధన సమయం రెట్టింపయింది, లెక్కల్లోనూ భాషలోనూ పిల్లలు ముందుకు పోయారు. చదువు కోసం పెట్టిన మనిషి వల్ల పిల్లల్లో ఎదుగుదల లోపం కూడా తగ్గింది. పాత కార్యకర్తకు పోషణ పనులు చూసుకునే తీరిక దొరకడమే కారణం. కొత్త భవనానికో కొత్త కిట్టుకో పెట్టే డబ్బు ఒక మనిషి మీద పెడితే ఏమొస్తుందో ఇంతకన్నా తేటగా చెప్పిన లెక్క మన దగ్గర లేదు.

ఆ మనిషికి ఏమిస్తున్నాం అన్నది కూడా నర్సరీ మంచి చెడుల్లో భాగమే. ఆంధ్రప్రదేశ్ అంగన్వాడీ కార్యకర్తలు నెలకు 11,500 రూపాయల గౌరవ వేతనం మీద ఉన్నప్పుడు, 2023 డిసెంబరు 12న సమ్మెకు దిగి 42 రోజులు నడిపారు. వేతనం పెంపు, గ్రాట్యుటీ వాళ్ళ ముఖ్య డిమాండ్లు. అంగన్వాడీ కార్యకర్తలకూ సహాయకులకూ గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 25న గుజరాత్ కేసులో తీర్పు చెప్పి ఉంది. ప్రైవేటు నర్సరీ టీచర్లకైతే సమ్మె చేసే వీలు కూడా లేదు. ఇంటర్ చదివి పెళ్ళి కుదిరేదాకా పనిచేసే అమ్మాయిలే ఎక్కువ, ఏడాదికొకరు మారిపోతుంటారు. మూడేళ్ళ బిడ్డకు ఒక ముఖం అలవాటు కావడానికి నెలలు పడుతుంది. అలవాటయ్యాక ఆ ముఖం కనబడకపోతే మళ్ళీ మొదటి రోజు ఏడుపే. పేరున్న నర్సరీని చూడబోయే తల్లి ‘ఈ టీచరు ఎన్నేళ్ళ నుంచి ఇక్కడ ఉంది’ అని అడిగితే ఫీజు పట్టిక చెప్పనిది తెలుస్తుంది.

ఇంటి మాట, బడి మాట

లేపాక్షి నుంచి కర్ణాటక కూతవేటు దూరం. మడకశిర మండలానికైతే దాదాపు చుట్టూ కర్ణాటకే. ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలు, హిందూపురం వీధుల్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు, తండాల్లో లంబాడీ మాట్లాడే సుగాలి పిల్లలు, వీళ్ళందరితో పాటు ఈ సీమ తెలుగు మాట్లాడే పిల్లలు ఒకే గదిలో కూర్చుంటారు. పుస్తకంలో వేరుశెనగ అని ఉంటుంది, బిడ్డ శెనక్కాయ అంటుంది. పుస్తకంలో అమ్మమ్మ, బిడ్డకు అవ్వ. ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది. తన మాట తప్పని టీచరు దిద్దినప్పుడు బిడ్డ నోరు మూసుకోవడం నేర్చుకుంటుంది, అక్షరాలకన్నా ముందు నేర్చుకునే పాఠం అదే అవుతుంది.

ఇక్కడ ఊరి అంగన్వాడీకి పట్నం నర్సరీకి లేని బలం ఒకటుంది. టీచరమ్మ, ఆయమ్మ ఆ ఊరివాళ్ళే. తండా కేంద్రంలో ఆయమ్మకు లంబాడీ వస్తుంది. సరిహద్దు పల్లెలో టీచరమ్మ తెలుగులో మొదలుపెట్టిన మాటను కన్నడంలో ముగిస్తుంది, తనకే తెలియకుండా. కొత్తగా చేరిన బిడ్డ ‘నీరు బేకు’ అంటే చెంబు అందించే మనిషి ఉండటం ఏ పాఠ్యప్రణాళికా రాసివ్వని సౌకర్యం. జాతీయ విద్యావిధానం ఇంటి భాషలో మొదలుపెట్టమన్నది దీన్నే, ఇక్కడ అది చాలాకాలంగా అవసరం కొద్దీ జరుగుతోంది.

పట్నం నర్సరీలో వ్యవహారం ఇంకోలా ఉంటుంది. ఇంగ్లీషు మీద తల్లిదండ్రుల ఆశ న్యాయమైనదే. బెంగళూరు వంద కిలోమీటర్ల దూరంలో ఉంది, అక్కడ ఉద్యోగం ఏ భాషలో దొరుకుతుందో వాళ్ళకు తెలుసు. కానీ మూడేళ్ళ బిడ్డ చేత ఇంగ్లీషు పద్యాన్ని వల్లె వేయించడం ఇంగ్లీషు నేర్పడం కిందికి రాదు. పద్యం వస్తుంది, మాట రాదు. అంబేద్కర్ విశ్వవిద్యాలయం, అసర్ సెంటర్ కలిసి యునిసెఫ్ తోడ్పాటుతో అస్సాం, రాజస్థాన్, తెలంగాణ పల్లెల్లో సుమారు 14,000 మంది పిల్లలను నాలుగో ఏటి నుంచి ఎనిమిదో ఏటి దాకా వెంటాడి చూసి 2017లో నివేదిక ఇచ్చాయి. నర్సరీకి పోయిన పిల్లలు పోనివారికన్నా కొంత ముందున్నా, ఐదేళ్ళకు బడికి కావలసిన సిద్ధత చాలామందిలో తక్కువగానే ఉంది. ప్రైవేటు నర్సరీలు ఒకటో తరగతి పనిని ముందుకు జరిపి రాతా వల్లెవేతా చేయిస్తున్నాయి, అంగన్వాడీల్లో అసలు చదువుకు దొరికే సమయమే కొద్ది. ఆటతో నేర్పినచోట పిల్లలు బాగా నేర్చుకున్నారు, అలాంటి చోట్లు మాత్రం అరుదు.

ఆట, చెయ్యి, రాత

విజయదశమికో వసంతపంచమికో అక్షరాభ్యాసం చేయించడం మన ఆచారం. బియ్యంలో వేలు పట్టి దిద్దించే ఆ పూట మంచిదే, దానికీ మర్నాటి నుంచి గళ్ళ పుస్తకంలో పేజీలు నింపించడానికీ సంబంధం లేదు. మూడేళ్ళ బిడ్డ మణికట్టు ఎముకలు ఇంకా మెత్తగా ఉంటాయి, పెన్సిలు పట్టే మూడు వేళ్ళకు బలం చాలదు. మాంటిస్సోరి గమనించింది ఇదే. రాయడానికి ముందు చేతికి పని కావాలి. ఒంపడం, పిండడం, గుచ్చడం, ముడి వేయడం.

ఆ పనులకు ఈ ప్రాంతంలో సామగ్రి కొదవ లేదు. ముగ్గు చుక్కలు పెట్టి కలపడం రాతకు ముందు మెట్టు, పైగా తెలుగు అక్షరాలు చాలావరకు గుండ్రాలే. చింతగింజలను రెండుగా అరగదీసి పావులుగా వేయడం, వామనగుంటలు, గుజ్జనగూళ్ళు, తొక్కుడుబిళ్ళ, దాగుడుమూతలు – వీటిలో లెక్క ఉంది, వంతు కోసం ఆగడం ఉంది, ఓడిపోయి ఏడవకుండా ఉండటం ఉంది. ఒక్క జాగ్రత్త చెప్పాలి. మూడేళ్ళలోపు పిల్లల చేతికి చింతగింజలు, శెనగ్గింజలు ఇవ్వకూడదు. అవి ముక్కులోకో గొంతులోకో పోతే ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో చింతకాయ కొట్టే ఊళ్ళలో ఈ మాట బడి గోడ మీద రాసినా ఎక్కువ కాదు.

ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మలకు పుట్టిల్లు. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. అక్కడి ఇళ్ళలో తోలు దీపాలూ గోడ బొమ్మలూ తయారై దూర పట్నాలకు అమ్మకానికి పోతున్నాయి. పది కిలోమీటర్ల దూరంలోని నర్సరీ గోడ మీద మాత్రం విదేశీ కార్టూను ఎలుక నవ్వుతుంటుంది. తెల్లగుడ్డ, వెనక దీపం, రెండు తోలుబొమ్మలు ఉంటే పిల్లలే మాటలు పుట్టిస్తారు. తెర వెనక నిలబడితే నోరు విప్పని బిడ్డ కూడా మాట్లాడుతుంది.

లేపాక్షి గుడి సంగతి చెప్పకుండా ఈ భాగం ముగించలేం. విజయనగర కాలంలో, అచ్యుతరాయల నాటి విరూపణ్ణ పేరుతో ముడిపడిన వీరభద్రాలయం అది. అక్కడి వేలాడే స్తంభం కింద పెద్దలు గుడ్డ జొనిపి చూస్తారు. పిల్లలకు పనికొచ్చేవి వేరే ఉన్నాయి. ఒకే ఒంటికి మూడు తలలున్న ఆవు శిల్పం ఉంది. చేత్తో రెండు తలలు మూసి చూస్తే ఒక్కో తలతో ఒక్కో భంగిమ కనబడుతుంది. నాలుగేళ్ళ బిడ్డకు అది గంటసేపటి ఆట. ఊరి మొదట్లోని ఏకశిలా నంది దాదాపు 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు. నాలుగేళ్ళ పిల్లలు చేతులు చాచి వరసగా నిలబడితే ఎనిమిది మందికి అటూ ఇటూగా సరిపోతుంది. పొడవంటే ఏమిటో దీనికన్నా బాగా చెప్పే పలక లేదు. హైదరాబాదు నుంచి బస్సులు కట్టుకుని వచ్చి చూసే ఈ నందిని ఊరి పసిపిల్లల బడి వారానికోసారి వాడుకోవచ్చు, ఖర్చు లేదు.

బొమ్మలకు డబ్బు లేదనేవారికి జమైకా ఉదాహరణ ఉంది. కింగ్‌స్టన్ పేదవాడల్లో ఎదుగుదల తగ్గిన 129 మంది పసిబిడ్డలపై 1980ల్లో సాలీ గ్రంథమ్-మెక్‌గ్రెగర్ బృందం ప్రయోగం చేసింది. ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒక గంట ఇంటికి వచ్చి, పాత డబ్బాలూ గుడ్డలతో చేసిన బొమ్మలతో తల్లీబిడ్డలను ఆడించారు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ పిల్లల సంపాదన, అలా ఆడించని పిల్లల సంపాదన కన్నా 25 శాతం ఎక్కువగా తేలింది.

పళ్ళెం, నీళ్ళు

2013లో ఆహార భద్రతా చట్టం చేసినప్పుడు, ఆరు నెలల నుంచి ఆరేళ్ళ వరకు బిడ్డకు అంగన్వాడీ ద్వారా రోజుకు 500 కిలోక్యాలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు అందాలని రాశారు. పోషణ లోపం ఉన్న బిడ్డకు 800 కిలోక్యాలరీలు, 20 నుంచి 25 గ్రాములు. మూడేళ్ళలోపు వారికి ఇంటికిచ్చే బాలామృతం గోధుమ, శెనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిసిన పిండి. పెద్దపిల్లలకు వేడి అన్నం, పప్పు, గుడ్డు. గుడ్డు ఉన్న రోజున హాజరు పెరుగుతుందని ఏ టీచరమ్మను అడిగినా చెబుతుంది. రాగి సంగటి, శెనక్కాయ, బెల్లం ఈ నేల తిండే. వాటిని పక్కనబెట్టి బిస్కెట్టు పొట్లం తెచ్చుకోమనే నర్సరీలు పట్నంలో ఉన్నాయి. బిడ్డ దండ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గితే తీవ్ర పోషణ లోపం అని కొలిచే పట్టీ అంగన్వాడీలో ఉంటుంది, ఫీజు కట్టే నర్సరీలో ఎక్కడా కనిపించదు.

నీటి సంగతి ఇక్కడ మరీ ముఖ్యం. ఈ ప్రాంతపు లోతైన బోరు నీళ్ళలో చాలాచోట్ల ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. పాలపళ్ళు ఊడి వచ్చే గట్టి పళ్ళు చిగురు లోపల తయారయ్యేది ఏడెనిమిదేళ్ళ లోపే, కాబట్టి నర్సరీలో తాగిన నీళ్ళ మరక ఆ తర్వాతెప్పుడో పళ్ళ మీద తేలుతుంది. నీళ్ళు కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు, ఇది చాలామందికి తెలియదు. 1995-96లో పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు కట్టిన తాగునీటి పథకం అప్పటి అనంతపురం జిల్లాలో ఏడు వందలకు పైగా గ్రామాలకు నీళ్ళిచ్చింది. అలాంటి కుళాయి నీళ్ళు అందే కేంద్రానికీ, బోరు నీళ్ళ మీదే బతికే కేంద్రానికీ తేడా పళ్ళలో కనిపిస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 2002లో ప్రచురించిన పరిశీలనలో చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోయింది. హిందూపురం సంతకు ఇది మంచి వార్తే, శుభ్రమైన నీళ్ళకు బదులుగా మాత్రం చెల్లదు.

చోటు

ముప్పై మంది పిల్లలకు 35 చదరపు మీటర్ల గది, 30 చదరపు మీటర్ల ఆరుబయలు ఉండాలని 2013 జాతీయ విధానం చెబుతుంది. అద్దె ఇంట్లో నడిచే అంగన్వాడీకి ఇది కుదరదు, మూడంతస్తుల ఇంట్లో నడిచే పట్నం నర్సరీకీ కుదరదు. ఎండ మండే ఈ సీమలో వేపచెట్టు నీడ ఉన్న మట్టి ముంగిలి, టైల్స్ వేసిన గది కన్నా ఎక్కువ పనికొస్తుంది. బిడ్డ చేతికందే కుళాయి, బిడ్డ కాళ్ళకు సరిపోయే మరుగుదొడ్డి, నిద్రపుచ్చడానికి చాప, వంటపొయ్యికీ పిల్లలకూ మధ్య ఒక గోడ ఉంటే మిగతావి నెమ్మదిగా సమకూరుతాయి.

ఒకటో తరగతి వైపు

ప్రాథమిక పాఠశాల ఆవరణలోనే అంగన్వాడీ ఉండే ఏర్పాటు రాష్ట్రంలో కొన్నేళ్ళుగా పెరుగుతోంది. 2020 తర్వాత పీపీ-1, పీపీ-2 అని అంగన్వాడీ పిల్లలకు బడి పేర్లు కూడా వచ్చాయి. దీనిలో లాభమూ ఉంది, ముప్పూ ఉంది. బడి గాలి తగిలి పసిపిల్లల గదిలోకి గళ్ళ పుస్తకం, బెంచీ, బెత్తం చొరబడితే నష్టం. కేంద్రం ఇంటికి కిలోమీటరు దూరం జరిగితే మూడేళ్ళ బిడ్డ నడవలేదు, ఎత్తుకుపోయే అవ్వకు మోకాళ్ళ నొప్పులు. చిన్న వాడల్లో ఈ దూరమే హాజరును తినేస్తుంది.

దూరం లేనిచోట సంగతి వేరు. రెండేళ్ళపాటు అదే ఆవరణలో ఆడి, పెద్దపిల్లల ప్రార్థనలో చివరి వరసలో నిలబడి, ఒకటో తరగతి సారు పేరు తెలిసి, అక్కడి కుళాయి దగ్గరే పళ్ళెం కడుక్కున్న బిడ్డకు జూన్ నెలలో గది ఒక్కటే మారుతుంది. కొన్ని ఊళ్ళలో వేసవి సెలవులకు ముందు ఒక వారం పెద్దపిల్లలను ఒకటో తరగతి గదిలో కూర్చోబెడతారు. మధ్యాహ్నం అయ్యేసరికి వాళ్ళలో సగం మంది లేచి ఆయమ్మ దగ్గరికి వచ్చేస్తారు, ఆమె కూడా వెళ్ళమని తరమదు.